పిండి 'నైస్‌గా' రుబ్బితే ఇంగ్లీషులో తప్పా?

బెళ్ళందూరు_భారతి
మా పాప ఐదో తరగతి. సెలవుల్లో అమ్మమ్మ ఇంట్లో గడిపిన రోజుల గురించి ఇంగ్లీషులో ఒక పేజీ రాసుకు రమ్మన్నారు స్కూల్లో. 'మై గ్రాండ్‌మదర్ మేక్స్ ద బ్యాటర్ వెరీ నైస్' అని రాసింది. టీచరు 'నైస్' చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి 'వేగ్ వర్డ్, అవాయిడ్' (స్పష్టత లేని మాట, వాడొద్దు) అని రాశారు. పాప ఏడుపు ఇంకో రకం. "నేను బాగుందని రాయలేదమ్మా, మెత్తగా ఉందని రాశాను. అమ్మమ్మ రోజూ నైస్‌గా రుబ్బమనే కదా చెప్తుంది" అంటోంది. నాకు జవాబు తోచలేదు. నైస్ అంటే మెత్తన అనే అర్థం ఇంగ్లీషులో ఉందా? లేకపోతే మనవాళ్ళకి ఎక్కడి నుంచి వచ్చింది? ఆ మాట మీద ఇంగ్లీషు టీచర్లకి అంత కోపం ఎందుకు?

కేఆర్‌పురం_కిట్టు
లేదు. నైస్ అంటే బాగుంది. అంతే. టీచరు దిద్దింది కరెక్టే.

రుబ్బురోలు
'అంతే' ఎలా అవుతుంది కిట్టూ? మినప్పప్పు నైస్‌గా, ఇడ్లీ రవ్వ బరకగా. ఈ మాట అనని ఇల్లు ఉందా? మిక్సీ అమ్మేవాడు కూడా 'ఈ చిన్న జార్‌లో వేస్తే నైస్ పౌడర్ వస్తుందండీ' అంటాడు. బాగుండే పౌడర్ అని ఎవరూ అనుకోరు.

కేఆర్‌పురం_కిట్టు
అది తెలుగు అక్కా. పాప రాసింది ఇంగ్లీషు.

పెరంబూరు_పద్మ
తెలుగు ఒక్కటే కాదు. నేను చెన్నైలో పెరిగినదాన్ని, పెళ్ళయ్యాక బెంగళూరు సర్జాపూర్ రోడ్డుకి వచ్చాను. తమిళంలో కూడా పిండి 'నైసా' రుబ్బాలంటారు, బరకగా ఉంటే 'కొరకొరప్పా' అంటారు. ఇంకోటి కూడా ఉంది. 'నైసా పేసి' పని కానిచ్చుకున్నాడంటే తియ్యగా మాట్లాడి బుట్టలో వేశాడని.

రాయలసీమ_రమ
అది మనకీ ఉంది కదా పద్మా. 'మీటింగులోంచి నైస్‌గా జారుకున్నాడు', 'నైస్‌గా మాట్లాడి సంతకం పెట్టించుకున్నాడు'. అక్కడ నైస్ అంటే పొగడ్త కాదు. చప్పుడు కాకుండా, ఎవరికీ గరుకు తగలకుండా పని చక్కబెట్టుకున్నాడని. పిండి నునుపు, మనిషి నునుపు ఒకటే మాటలోకి వచ్చేశాయి.

మల్లేశ్వరం_మైథిలి
మా తాతల నాటి నుంచి బెంగళూరే. కన్నడ స్నేహితులు 'నైస్ మాడ్బేడ' అంటే కాకా పట్టకు అని. పిండికి పెద్దవాళ్ళు 'నుణ్ణగె' అంటారు, బరకకి 'తరితరి'. 'నైసాగి రుబ్బు' అనేవాళ్ళు కూడా ఉన్నారు.

హోసూరు_రెడ్డి
తెలుగులో కాకా పట్టడానికి 'ఐస్ చేయడం' అంటాం కదా. నైస్, ఐస్ రెండూ ఒక చోటే చేరాయి :)

మారతహళ్ళి_మాస్టారు
అనంతపురంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఇప్పుడు అబ్బాయి దగ్గర ఉంటున్నాను. భారతమ్మ అడిగిన మొదటి ప్రశ్నకి కాస్త వివరంగా చెప్తాను.

ఈ మాట పుట్టుక లాటిన్‌లో. 'నెస్కియస్' అని. 'నె' అంటే లేకపోవడం, 'స్కిరె' అంటే తెలియడం. రెండూ కలిపి ఏమీ తెలియనివాడు. సైన్స్, కాన్షియస్ అనే మాటలు కూడా ఆ 'స్కిరె' నుంచే వచ్చాయి. పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చేసరికి నైస్ అంటే తెలివితక్కువవాడు, వెర్రిబాగులవాడు. ఆ రోజుల్లో ఒకణ్ణి నైస్ అంటే తన్నులు తినాల్సిందే. తరవాత పిరికి, ఆ తరవాత పట్టింపులు ఎక్కువ ఉన్నవాడు, నాజూకైనవాడు అనే అర్థాలు వచ్చాయి. ప్రతిదీ తూచి చూసే మనిషి నుంచి 1500ల్లో సూక్ష్మమైనది, ఖచ్చితమైనది అనే అర్థం పుట్టింది. ఇప్పటికీ న్యాయశాస్త్ర పుస్తకాల్లో 'ఎ నైస్ డిస్టింక్షన్' అని కనిపిస్తుంది. అది మంచి తేడా కాదు, వెంట్రుకవాసి తేడా. ఇంపైనది, హాయినిచ్చేది అనే ఇప్పటి అర్థం 18వ శతాబ్దంలో స్థిరపడింది. మనుషుల విషయంలో దయగలవాడు అనే అర్థం ఇంకా తరవాత, 19వ శతాబ్దంలో.

కాబట్టి పాప అన్న 'మెత్తగా' అనే అర్థానికి దగ్గర్లో ఈ మాట ఒకప్పుడు నడిచింది. గాలిలోంచి పుట్టిన వాడుక అని కొట్టిపారేయలేం.

కేఆర్‌పురం_కిట్టు
వెర్రిబాగులవాడా!! మా టీమ్‌లో అందరూ ఒకరినొకరు రోజంతా నైస్ నైస్ అనుకుంటాం మాస్టారూ.

ఎర్రసిరా
నేను పుస్తకాల సంస్థలో కాపీ ఎడిటర్‌ని. మాస్టారు చెప్పిన చరిత్రతో పేచీ లేదు, ఆఖరి వాక్యంతో ఉంది. నాలుగైదు వందల ఏళ్ళ కిందటి అర్థాన్ని పట్టుకొచ్చి ఐదో తరగతి నోట్‌బుక్‌ని సమర్థించకూడదు. ఈనాటి ఇంగ్లీషులో పిండికి, చట్నీకి 'స్మూత్' అంటారు. పొడికి 'ఫైన్' అంటారు. 'నైస్ బ్యాటర్' అంటే చదివేవాడికి బాగున్న పిండి అనే అర్థమవుతుంది. పాప మనసులో ఉన్నది వాళ్ళకి చేరదు. రాసేది చేరడానికే కదా.

బెళ్ళందూరు_భారతి
ఈ మాట నచ్చింది. తప్పు అని కాకుండా చేరదు అని చెప్తే పిల్లకి అర్థమవుతుంది.

మారతహళ్ళి_మాస్టారు
పరీక్షలో రాయమని నేను అనలేదు ఎర్రసిరా గారూ. వాడుకకి వేరు ఎక్కడుందో చెప్పాను.

రాయలసీమ_రమ
నాకు ఇంకో అనుమానం. 'నయం' అనే మాట మనకి ముందు నుంచే ఉంది. నయాన భయాన చెప్పి చూడు అంటాం. నయవంచన అంటే తియ్యగా మాట్లాడి మోసం చేయడం. కన్నడంలో 'నయ' అంటే నునుపు అని ఇక్కడి బట్టల కొట్లోనే విన్నాను. తమిళంలో కూడా నయం ఉంది. నయంగా మాట్లాడి పని చేయించుకోవడం, నైస్‌గా మాట్లాడి పని చేయించుకోవడం, రెండిటికీ తేడా ఏముంది? ఇంగ్లీషు మాట వచ్చి మన నయం కుర్చీలో కూర్చుందేమో. మూడు భాషల్లోనూ నునుపు, తియ్యమాట అనే ఈ రెండు అర్థాలే కనిపిస్తున్నాయంటే కారణం మనవైపే ఉండి ఉండాలి.

మల్లేశ్వరం_మైథిలి
అవును, నయవాద బట్టె అంటారు, చెయ్యి జారిపోయేంత నున్నని బట్ట. 'నయ వినయ' అని జంటగా కూడా అంటారు, మర్యాద తెలిసిన మనిషి గురించి.

ఎర్రసిరా
పోలిక బాగుంది గానీ శబ్దం దగ్గరగా ఉన్నంత మాత్రాన చుట్టరికం కలిపేయకూడదు. ఫైన్ అనే మాట చూడండి. ఇంగ్లీషులోనే దానికి మంచిది, సన్ననిది అని రెండు అర్థాలున్నాయి. 'ఫైన్ పౌడర్' విన్నవాడు మంచిది అంటే సన్ననిది అనుకుని, అదే వరసలో నైస్‌ని కూడా వాడేసి ఉండొచ్చు. అలా చూస్తే నయం అవసరమే లేదు.

రాయలసీమ_రమ
పౌడర్‌కి సరిపోయింది. మరి నైస్‌గా జారుకోవడం? ఫైన్‌గా జారుకున్నాడు అని ఎవరైనా అన్నారా?

ఎర్రసిరా
అక్కడ మీదే పైచేయి. ఒప్పుకుంటున్నా.

టెర్మినల్_తిమ్మడు
ఇంతమంది బెంగళూరువాళ్ళు ఉండి ఒక్కరూ అసలు నైస్ గురించి చెప్పలేదు. కంప్యూటర్‌ని నడిపే లినక్స్ అనే సిస్టమ్‌లో 'నైస్' అని ఒక కమాండ్ ఉంది. ప్రతి ప్రాసెస్‌కి, అంటే నడుస్తున్న ప్రతి ప్రోగ్రాముకి, ఒక నైస్ విలువ ఉంటుంది, మైనస్ 20 నుంచి 19 వరకు. మామూలుగా సున్నా. అంకె పెరిగేకొద్దీ ఆ ప్రాసెస్ అంత నైస్, అంటే మిగతావాటికి దారి ఇచ్చి తను వెనక నిలబడుతుంది. అంకె మైనస్‌లోకి పోయేకొద్దీ అందరినీ తోసుకుని ముందు సీపీయూ లాక్కుంటుంది. అసలు విషయం వినండి. మామూలు యూజర్ తన ప్రాసెస్‌ని ఇంకా నైస్ చేయగలడు. ఉన్నదానికంటే తక్కువ నైస్ చేయాలంటే రూట్ అనుమతి, అంటే సిస్టమ్ అడ్మిన్ అధికారం, కావాలి.

హోసూరు_రెడ్డి
ఆఫీసులో కూడా రూలు అదే కదరా తిమ్మా. మనం ఎంత నైస్‌గా అయినా ఉండొచ్చు, గట్టిగా మాట్లాడాలంటే మాత్రం పైనుంచి పర్మిషన్ రావాలి.

కేఆర్‌పురం_కిట్టు
అన్నా ఇది ప్రింట్ తీసి డెస్క్ మీద పెట్టుకుంటా.

కనకపుర_కారు
నైస్ అనగానే నాకు గుర్తొచ్చేది టోల్. హోసూరు రోడ్డు నుంచి తుమకూరు రోడ్డు దాకా పోయే నైస్ రోడ్డు. మొన్న ఊరి నుంచి వచ్చిన మామయ్య, పేరు చూసి 'రోడ్డు బాగుందని పేరు పెట్టారా' అన్నారు. కాదు, నంది ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ కారిడార్ ఎంటర్‌ప్రైజెస్ అనే కంపెనీ పేరులోని మొదటి అక్షరాలు.

లాల్‌బాగ్_నడక
రోడ్డు సరే. నగరమే నైస్ మీద కూర్చుంది. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం ఉన్న బండ చూశారు కదా, దాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు 'పెనిన్సులర్ నైస్' అంటారు. స్పెల్లింగు వేరు, జి తో మొదలవుతుంది, పలకడం మాత్రం అచ్చం ఇదే. వయసు సుమారు 300 కోట్ల ఏళ్ళు. భూగర్భ సర్వే సంస్థ దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది, అక్కడ బోర్డు కూడా ఉంది. లోపలి వేడికి, ఒత్తిడికి పాత రాయి మారిపోయి ఇలా చారలు చారలుగా తయారవుతుంది. పొద్దున్నే నడకకి వెళ్ళినప్పుడు ఒంగి చూడండి, నలుపు తెలుపు చారలు కనిపిస్తాయి. ఈ నైస్‌కీ మన నైస్‌కీ చుట్టరికం లేదు, ఆ మాట జర్మన్ నుంచి వచ్చింది. ఇది తడిమితే గరుకే, రమ గారి నయం సిద్ధాంతానికి ఇక్కడ పని లేదు.

రుబ్బురోలు
రుబ్బురోళ్ళు చేసేది ఆ రాయితోనేనా?

లాల్‌బాగ్_నడక
మన ప్రాంతంలో గ్రానైట్‌వి ఎక్కువ. రోలు లోపలివైపు గంట్లు కొట్టించి గరుకు చేస్తేనే పిండి మెత్తబడుతుంది, అది మీకు తెలిసిందే.

పెరంబూరు_పద్మ
మాట మార్చకండి. నీస్, నైస్ తికమక గురించి ఎవరైనా చెప్పండి. మా ఆఫీసులో ఒకాయన 'మై నైస్ ఈజ్ కమింగ్ ఫ్రమ్ విజయవాడ' అంటారు. మేనకోడలు వస్తోందని ఎవరికీ అర్థం కాలేదు.

ఎర్రసిరా
మేనకోడలికైనా, అన్న కూతురికైనా ఇంగ్లీషులో 'నీస్'. ఫ్రాన్సులో సముద్రం ఒడ్డున ఉన్న ఊరి పేరు స్పెల్లింగులో నైస్ లాగే ఉంటుంది, పలకడం మాత్రం నీస్.

రాయలసీమ_రమ
ఆ ఊరు వెళ్ళొచ్చామని మా ఆడపడుచు ఫోన్లో చెప్తే, మా అత్తగారు 'నీసు తిన్నారా' అని కంగారు పడ్డారు. చేపలు తిన్నారేమోనని.

పెరంబూరు_పద్మ
అయ్యో :))) మరి బ్రిటానియా నైస్ టైమ్ బిస్కెట్టు? అది కూడా నీస్ అనాలా?

ఎర్రసిరా
దాని పేరులో టైమ్ కూడా ఉంది కాబట్టి మంచి సమయం అనే అనుకోండి, నైస్ టైమ్ అనే పిలవండి. ఇంగ్లండులో ఆ రకం కొబ్బరి బిస్కెట్టుని ఉత్తి 'నైస్' అని అమ్ముతారు, అక్కడే నైస్ అనాలా నీస్ అనాలా అని జనం వాదులాడుకుంటారు.

హోసూరు_రెడ్డి
నాకు అసలైన అనుమానం ఒకటి ఉంది, సరదా కాదు. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో చేస్తున్నాను. ఈసారి అప్రైజల్‌లో మేనేజరు 'హీ ఈజ్ ఎ నైస్ పర్సన్ టు వర్క్ విత్' అని రాశాడు. రేటింగు మామూలే వచ్చింది. అది పొగడ్తా కాదా? నా పక్కనున్న కుర్రాడికి 'రిలయబుల్' అని రాశాడు, వాడికి ప్రమోషన్. నేను ఏడాదంతా అర్ధరాత్రి కాల్స్ ఎత్తాను, రిలీజులు ఒక్కటీ ఆగనివ్వలేదు. చివరికి మిగిలింది నైస్.

బెళ్ళందూరు_భారతి
బాధ కలిగే విషయమే రెడ్డి గారూ.

కేఆర్‌పురం_కిట్టు
పొగడ్తే అన్నా. తిట్టలేదు కదా.

మల్లేశ్వరం_మైథిలి
కిట్టూ, నేను హెచ్‌ఆర్‌లో చాలా కాలంగా పని చేస్తున్నాను. అప్రైజల్ కాగితంలో నైస్ అనే మాట మనిషి స్వభావం గురించి చెప్తుంది, పని గురించి ఏమీ చెప్పదు. ప్రమోషన్ కమిటీలో ఆ కాగితం చదివేవాళ్ళకి ఇతను ఏం చేశాడో తెలియదు. మేనేజరు చెడు ఉద్దేశంతో రాసి ఉండకపోవచ్చు, ఆలోచించకుండా రాసి ఉంటాడు. రెడ్డి గారూ, మీరు చేసిన పనులు తేదీలతో సహా ఒక మెయిల్‌లో పెట్టి, వచ్చేసారి వీటిని రివ్యూలో పేరుపేరునా రాయమని అడగండి. అడగడంలో తప్పు లేదు.

రాయలసీమ_రమ
తెలుగులో అదే మాట ఎలా అంటామో చూడండి. 'మంచివాడు' అంటే పొగడ్త. 'మంచివాడే' అంటే? ఆ ఒక్క ఏకారంతో వెనక 'గానీ' నిలబడిపోతుంది. 'పాపం మంచోడు' అంటే ఇంకా కిందికి దిగిపోయింది, లోకం తెలియనివాడని అర్థం. నైస్ పర్సన్ అనేది చాలాసార్లు మన 'మంచివాడే'. మాస్టారు చెప్పిన లాటిన్ అర్థం, ఏమీ తెలియనివాడు అన్నది, ఇంకా ఆ మాట అడుగున ఉందేమో అనిపిస్తుంది.

మారతహళ్ళి_మాస్టారు
బాగా పట్టుకున్నావమ్మా. 'సిల్లీ' అనే మాట దీనికి సరిగ్గా ఎదురు నడిచింది. పాత ఇంగ్లీషులో దాని అర్థం ధన్యుడు, భాగ్యవంతుడు. తరవాత అమాయకుడు. ఆఖరికి తెలివితక్కువవాడు. ఒకటి కింద నుంచి పైకి ఎక్కింది, ఇంకోటి పై నుంచి కిందికి దిగింది. తెలుగు పాఠాల్లో వీటిని అర్థోత్కర్ష, అర్థాపకర్ష అని చెప్పేవారు.

మల్లేశ్వరం_మైథిలి
మాస్టారూ, దీనికి బెంగళూరు ఉదాహరణ 'కంపు'. కన్నడంలో కంపు అంటే సువాసన. 'కన్నడద కంపు' అని నవంబరులో కర్ణాటక రాజ్యోత్సవానికి బ్యానర్లు కడతారు. కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు అది చదివి ముక్కు మీద వేలేసుకుంటారు.

మారతహళ్ళి_మాస్టారు
మన పాత కావ్యాల్లో కూడా కంపు అంటే వాసన అనే. పూల కంపు అని రాశారు. తెలుగులో అది దిగజారింది, కన్నడం దాన్ని పైనే నిలబెట్టుకుంది.

కేఆర్‌పురం_కిట్టు
ఇక నుంచి ఆ బ్యానర్లు చూస్తే నవ్వను.

టెర్మినల్_తిమ్మడు
రెడ్డన్న విషయం చదివాక ఇంకోటి చెప్పాలనిపించింది. మన ప్రాజెక్టుల్లో 'నైస్ టు హావ్' అంటారు కదా. క్లయింటు జాబితాలో 'మస్ట్ హావ్' అన్నవి చేసి తీరాలి, 'నైస్ టు హావ్' అన్నవి టైముంటే చేద్దాంలే అని. కొత్తగా చేరిన పిల్లలు నైస్ అనే మాట చూసి క్లయింటుకి అదే ఎక్కువ ఇష్టమనుకుని ముందు అది పట్టుకుంటారు. ఉద్యోగ ప్రకటనల్లో కూడా 'నైస్ టు హావ్' కింద ఉన్న స్కిల్స్ లేవని చాలామంది అప్లై చేయడం మానేస్తారు. మానకండి. లేకపోయినా పిలుస్తారు.

ఎర్రసిరా
పనికొచ్చే మాట చెప్పారు. ఇలాంటివే ఇంకొన్ని, నా దగ్గరికి వచ్చే రాతల్లో తరచూ కనిపించేవి. 'నైస్ ఆఫ్ యూ' అంటే నువ్వు చేసిన పని నీ మంచితనం, థాంక్స్ చెప్తున్నట్టు. 'నైస్ ఫర్ యూ' అంటే అది నీకు కలిసొచ్చింది, నీకు బాగుంది అని. సాయం చేసినవాడికి 'ఇట్ వాజ్ నైస్ ఫర్ యూ' అని మెయిల్ పెడితే ఎత్తిపొడిచినట్టు వినిపిస్తుంది. 'నైస్ టు మీట్ యూ' మొదటిసారి కలిసినప్పుడే. తెలిసినవాళ్ళని మళ్ళీ కలిస్తే 'నైస్ టు సీ యూ'. 'నైస్ అండ్ హాట్', 'నైస్ అండ్ అర్లీ' అన్నప్పుడు నైస్‌కి విడిగా అర్థం వెతకొద్దు, వేడివేడిగా, పెందలాడే అన్నట్టు వెనకొచ్చే మాటకి బలం ఇస్తుంది.

ఇంకా జాగ్రత్త పడాల్సింది 'క్వైట్ నైస్' దగ్గర. అమెరికావాళ్ళు అంటే చాలా బాగుందని. బ్రిటన్‌వాళ్ళు అంటే ఫర్వాలేదు, ఓ మోస్తరుగా ఉందని కావచ్చు. లండన్ క్లయింటు క్వైట్ నైస్ అన్నాడని టీమ్‌కి స్వీట్లు పంచకండి, ఇంకేం మార్చమంటారో అడగండి.

పెరంబూరు_పద్మ
ఇది మా టీమ్‌కి వెంటనే ఫార్వర్డ్ చేస్తున్నా.

బెళ్ళందూరు_భారతి
మూడో ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. టీచర్లకి కోపం ఎందుకు?

మారతహళ్ళి_మాస్టారు
ఆ చికాకు పాతదే తల్లీ. జేన్ ఆస్టెన్ నవల 'నార్తాంగర్ ఆబీ' 1817 చివర్లో వచ్చింది. అందులో హీరో ఈ మాట మీదే హీరోయిన్‌ని ఆటపట్టిస్తాడు. పుస్తకం నైస్, రోజు నైస్, నడక నైస్, అమ్మాయిలు నైస్, అన్నిటికీ ఒకే మాట సరిపోతోందే అని. ఒకప్పుడు దానికి ఖచ్చితమైన అర్థం ఉండేదని గుర్తు చేస్తాడు కూడా. రెండు వందల ఏళ్ళు దాటినా టీచర్ల ఎర్రసిరా అక్కడే ఉంది. నేను కూడా క్లాసులో నైస్ వాడొద్దనే చెప్పేవాణ్ణి. పిల్లవాడు నైస్ దగ్గర ఆగితే ఇంకొంచెం చూడడు, ఇంకో మాట వెతకడు.

రుబ్బురోలు
అందుకు ఒప్పుకోను మాస్టారూ. మాట కొట్టేస్తే పిల్ల వెతకదు, భయపడుతుంది. వంట దగ్గర మా అమ్మ నాకు మాటలు నేర్పిన తీరు చెప్తాను. పచ్చడి కచ్చాపచ్చాగా దంచు, మినప్పిండి కాటుకలా రుబ్బు, పెసరట్టుకి కొంచెం పలుకు ఉంచు, కొబ్బరి కోరు నలగనివ్వకు. ఒక్కోదానికి ఒక్కో మాట. కానీ ఆవిడ నైస్ కూడా అనేది, ఎవరూ ఆపలేదు. రుబ్బుతూ, వేలితో తీసి చూస్తూ ఉంటే మిగతా మాటలు వాటంతట అవే వచ్చాయి. టీచరు సున్నా చుట్టే బదులు 'పిండి వేళ్ళకి ఎలా తగిలింది' అని ఒక ప్రశ్న రాసి ఉంటే, ఐదో తరగతి పిల్ల రెండు వాక్యాలు అదనంగా రాసేది.

బెళ్ళందూరు_భారతి
అబ్బ, ఇదీ నేను చెప్పలేకపోయింది.

రాయలసీమ_రమ
రుబ్బురోలు గారికి నా ఓటు. మన 'బాగుంది' కూడా అంతే కదా. సినిమా బాగుంది, సాంబారు బాగుంది, సంబంధం బాగుంది, ఆరోగ్యం బాగుంది. కోపం వస్తే 'బాగుందమ్మా నీ వరస'. ఒక్క తెలుగు టీచరైనా బాగుంది వాడొద్దన్నారా? గొంతు, ముఖం, సందర్భం చూసి అర్థం చేసుకుంటాం. ఇంగ్లీషువాళ్ళూ నైస్‌ని అలాగే అర్థం చేసుకుంటారు.

ఎర్రసిరా
నోటిమాటకి, రాతకి తేడా అక్కడే రమ గారూ. రాతలో గొంతు వినపడదు, ముఖం కనపడదు. మాట్లాడేటప్పుడు నైస్ వేయిసార్లు అనండి, నేనూ అంటాను. రాసేటప్పుడు మాత్రం గొంతు చేసే పని మాటే చేయాలి. కానీ సున్నా చుట్టి వదిలేయకూడదన్న రుబ్బురోలు గారి మాట నిజం. నేను రచయితలకి దిద్దేటప్పుడు కూడా పక్కన ప్రశ్నే రాస్తాను.

మారతహళ్ళి_మాస్టారు
రుబ్బురోలమ్మా, నీ పద్ధతిలో పాఠం చెప్పేవాళ్ళు ఉంటే నాలాంటివాళ్ళు నిషేధాలు పెట్టనక్కర్లేదు. నలభైమంది నోట్‌బుక్‌లు దిద్దే టీచరుకి ప్రశ్న రాసే తీరిక దొరకదు, అది కూడా చూడాలి.

బెళ్ళందూరు_భారతి
ఇవాళ పేరెంట్ మీటింగులో ఆ టీచరుతో మాట్లాడాను. మీ చర్చంతా చెప్పలేదు గానీ, ఇంట్లో మేము నైస్ అంటే మెత్తన అనే అర్థంలో వాడతామని చెప్పాను. ఆవిడ సేలం వైపు నుంచి వచ్చారట. 'అవునండీ, నైసా అరైక్కిరదు (నైస్‌గా రుబ్బడం), నాకు తట్టనే లేదు' అని నవ్వారు. పాపని పిలిచి, ఆ వాక్యం కింద పిండి ఎలా ఉంటుందో రాయమన్నారు.

పెరంబూరు_పద్మ
తమిళావిడ అయ్యుండి మర్చిపోయారా! ఎర్రసిరా పట్టుకుంటే అంతేనేమో.

కేఆర్‌పురం_కిట్టు
ఏం రాసిందో పెట్టండి భారతి గారూ.

బెళ్ళందూరు_భారతి
పాప ఒప్పుకోలేదు, తన నోట్‌బుక్ తనదే అంటోంది.

వర్తూరు_వాసు
ఆలస్యంగా వచ్చాను, మొత్తం చదివాను. నాకో సాయం కావాలి. మా టీమ్ లీడ్ శుక్రవారం వెళ్ళిపోతున్నారు. కార్డు మీద తలా ఒక వాక్యం రాయాలి. ఇప్పటికి వచ్చినవి అన్నీ 'నైస్ వర్కింగ్ విత్ యూ', 'యూ ఆర్ ఎ నైస్ పర్సన్', 'సో నైస్'. నాకు ఆయనంటే చాలా గౌరవం. ఈ చర్చ చదివాక నైస్ రాయలేకపోతున్నా. ఏం రాయాలి?

మల్లేశ్వరం_మైథిలి
ఆయన మీకోసం చేసింది ఏదైనా ఒకటి గుర్తు తెచ్చుకోండి. మాట అక్కడి నుంచి వస్తుంది.

వర్తూరు_వాసు
చేరిన కొత్తలో నా కోడ్ వల్ల సర్వర్ పడిపోయింది. మీటింగులో పెద్దవాళ్ళు ఎవరిదని అడిగితే 'మా టీమ్‌ది, సరి చేస్తున్నాం' అన్నారు, నా పేరు ఎత్తలేదు. తరవాత రాత్రి పదింటి దాకా నా పక్కన కూర్చుని, తను కీబోర్డు ముట్టుకోకుండా, నా చేతే సరి చేయించారు.

హోసూరు_రెడ్డి
ఇదే రాయి తమ్ముడూ. ఉన్నది ఉన్నట్టు.

వర్తూరు_వాసు
కార్డులో చోటు తక్కువ అన్నా. ఇలా రాశాను, ఇంగ్లీషు చూసి చెప్పండి: 'వెన్ ద సర్వర్ వెంట్ డౌన్, యూ సెడ్ ఇట్ వాజ్ అవర్ టీమ్స్ మిస్టేక్ అండ్ డిడ్ నాట్ సే మై నేమ్. యూ సాట్ విత్ మీ టిల్ ఐ ఫిక్స్‌డ్ ఇట్. ఐ విల్ ఆల్వేస్ రిమెంబర్ దిస్ నైస్ జెశ్చర్.'

ఎర్రసిరా
మొదటి రెండు వాక్యాలు ముట్టుకోకండి. మూడోది కొట్టేసి కింద మీ పేరు రాయండి.

వర్తూరు_వాసు
కొట్టేశాను. కార్డు ఇచ్చేస్తున్నా.